ఇంజను లేని జీపు

అడవి బాట మొదట్లో ఉన్న గేటుకు అతను కాపలాదారు. ఆదివారం బైకుల మీద వచ్చేవాళ్ళు అతన్ని తాళం మామ అనేవారు. చాటుగానే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. మోటారు ఉన్న ఏ వాహనమూ గేటు దాటరాదని అటవీ శాఖ ఉత్తర్వు. రాసినవాళ్ళు దాన్ని ఏనాడో మరిచిపోయి ఉంటారు గానీ, మామను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాడు.

అతని పట్టుదలకు కారణం లేకపోలేదు. వెనకటికి ఆ బాట మీద బండ్లు ఎడాపెడా తిరిగిన రోజుల్లో, వానకు దారంతా కోసుకుపోయి బురద వాగులో పడింది. చేపలు వెల్లకిలా తేలాయి. గేటు పెట్టాకే వాగు తేటపడింది. అదంతా కళ్ళారా చూసినవాడు కాబట్టి మామ ఎవరికీ లొంగేవాడు కాదు. అంతవరకూ మెచ్చుకోవలసిందే.

చిక్కల్లా ఏమిటంటే, మామ ఇల్లు కూడా గేటుకు లోపలే ఉంది. ఏటవాలంతా ఎక్కి, చివరి మలుపు తిరిగితే గానీ రాదు. గ్యాస్ సిలిండరు భుజాన మోసేవాడు. కొత్త బీరువాను విడి భాగాలుగా విప్పించి మోశాడు. భార్య ఇన్నేళ్ళూ గొణుక్కుంటూనే నడిచి ఎక్కింది. ఇప్పుడామెకు మోకాలి ఆపరేషనైంది. ఊళ్ళో తమ్ముడింట్లో ఉంది. ఏటవాలు ఎక్కితే ఊరుకోనని డాక్టరు చెప్పాడు.

ఆమె ఫోన్ చేసింది.

"జీపు మా తమ్ముడిదే. తాళంచెవి మీ నడుముకే వేలాడుతోంది. నా కోసం ఒక్కసారి గేటు తియ్యండి. తీస్తే వస్తా. లేదంటే ఇక్కడే ఉండిపోతా. ఇక్కడ టీవీ కూడా బాగా వస్తోంది."

కోపంగా అని ఉంటే మామ సర్దుకునేవాడు. ఆమె తాపీగా అంది. అందుకే అతని గుండె జారిపోయింది. ఆమె లేని ఇంట్లో అన్నం ఉడకక కాదు, ఉడికిందని చెప్పడానికి మనిషి లేక అతనికి తినబుద్ధి కావడం లేదు.

పరుగున రేంజరు దగ్గరికి వెళ్ళాడు.

"అత్యవసరమైతే అనుమతి ఉందయ్యా," అన్నాడు రేంజరు. "కానీ రోగి కిందికి దిగితే అత్యవసరం. పైకెక్కితే నయమైనట్టే కదా?"

"నడవలేదండీ సార్."

"మోటారే కదా వద్దన్నది? మోటారు లేని బండి తెచ్చుకో. నాకేం అభ్యంతరం?"

రేంజరు అతన్ని వదిలించుకోవడానికి అన్నాడు. మామ దాన్ని వరంగా పట్టుకున్నాడు.

బామ్మర్ది మెకానిక్. బావ చెప్పింది విని కాసేపు నోరు తెరిచాడు, తర్వాత అక్క మొహం చూసి పానా అందుకున్నాడు. ఆదివారం పొద్దున జీపు గేటు ముందుకొచ్చింది. అక్కడే ఇంజను విప్పి, నలుగురు పట్టి మామ కాపలా గదిలో మంచం కింద పెట్టారు. తోయడానికి బైకుల బృందం సిద్ధమైంది. వాళ్ళ నాయకుడు పళ్ళ డాక్టరు. అందరికీ బొజ్జలున్నాయి, అందరికీ హెల్మెట్లున్నాయి. నడిచి వెళ్ళడానికి అడ్డేమీ లేదని మామ ఎన్నిసార్లు చెప్పినా అది వాళ్ళకు నామోషీగా ఉండేది. బండిని తోస్తూ వెళ్ళడం మాత్రం గౌరవంగానే తోచింది.

మామ జీపు చుట్టూ తిరిగాడు.

"వైపర్‌కు మోటారుంటుంది కదరా?"

"వాన కూడా లేదు కదా బావా!"

"మోటారు మోటారే."

వైపర్ మోటారు ఊడింది. మామ లోపలికి తొంగిచూశాడు. భార్య చిన్న బ్యాటరీ ఫ్యాను మొహానికి పెట్టుకుని కూర్చుంది. మామ కళ్ళు ఫ్యాను మీదే నిలిచాయి. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, ఫ్యాను ఆపి, అతని చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు మామ. తల దించుకుని వెళ్ళి దాన్ని కూడా ఇంజను పక్కన పెట్టి వచ్చి, తాళం తీశాడు.

జీపు కదిలింది. బామ్మర్ది స్టీరింగు పట్టాడు. పళ్ళ డాక్టరు "ఊఁ!" అంటే మిగతావాళ్ళు "ఊఁ!" అన్నారు. మామ ముందు నడుస్తూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఈల ఊదుతూ దారి చూపాడు. వాగు దాటేసరికి హెల్మెట్లలో చెమట చెరువైంది. ఏటవాలు మొదలయ్యేసరికి "ఊఁ" కాస్తా "అమ్మో" అయింది.

చివరి మలుపులో పళ్ళ డాక్టరు కాలు జారింది. ఒకడి మీద ఒకడు పడ్డారు. జీపు వెనక్కి జారింది. పక్కన లోయ. లోపల భార్య రెండు చేతులా మోకాలు పట్టుకుని కెవ్వుమంది. మామ ఈల పారేసి పరుగెత్తి, వెనక బంపరుకు భుజం ఆనించి అరిచాడు.

"స్టార్ట్ చెయ్యరా! ఉద్యోగం పోతే పోనీ, ఉత్తర్వు తగలబడిపోనీ! మా ఆవిడుందిరా లోపల! స్టార్ట్ చెయ్యి!"

బామ్మర్ది చేతి బ్రేకును శాయశక్తులా లాగాడు. జీపు కీచుమని ఆగింది. ఎవరో చక్రం కింద రాయి తోశారు.

"ఏం స్టార్ట్ చెయ్యమంటావు బావా?" అన్నాడు బామ్మర్ది బ్రేకు వదలకుండానే. "ఇంజను నీ మంచం కింద ఉంది."

జీపులోంచి నవ్వు వినబడింది. ముందు సన్నగా, తర్వాత పగలబడి. ఆపరేషనయ్యాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

"ఏమన్నారు?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకోసారి అనండి."

"స్టార్ట్ చెయ్యమన్నా," అన్నాడు మామ నేల చూపులు చూస్తూ.

"అది కాదు, దాని ముందుది."

"మా ఆవిడుంది అన్నా."

ఇక జీపును తోయడం తమ వల్ల కాదని పళ్ళ డాక్టరు చేతులెత్తేశాడు. బామ్మర్ది ముందు సీటు బోల్టులు విప్పాడు. ఆమెను సీటుతో సహా నలుగురు భుజాలకెత్తుకున్నారు.

"ఈ సీటుకు అనుమతి ఉందా అండీ?" అంది ఆమె పైనుంచి.

"నాకు తెలీదు. నన్నడక్కు."

మామ పక్కన నడుస్తూ టోపీ తీసి ఆమె మొహానికి విసరసాగాడు. ఇల్లు కనబడుతున్న చోట పళ్ళ డాక్టరు వెనక్కి తిరిగి చూసి, "మామా, గేటు బార్లా తెరిచే ఉంది!" అని కేకేశాడు. ఎదురుగానే మామా అనేశానని నాలుక్కరుచుకున్నాడు.

మామ చెయ్యి అలవాటుగా నడుముకున్న తాళంచెవి మీదికి వెళ్ళింది.

"వెళ్ళి వేసి రండి," అంది భార్య. "నేనెక్కడికీ పోనులే."

మామ ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ టోపీతో విసరడం మొదలుపెట్టాడు.

"నిన్ను ఇంట్లో దించాక చూద్దాంలే," అన్నాడు.