రంగు కాగితం

కంటి ఆసుపత్రిలో ఆమెకు రంగు సిస్టర్ అని పేరు. ముప్ఫయ్యొక్క ఏళ్లపాటు, కన్ను నీరు కారుతోందని వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ముందుగా చేసిన పని ఒకటే. నారింజ రంగు అద్దిన సన్న కాగితం ముక్కను తడిపి రెప్ప లోపల తాకించడం, నీలం లైటు వేసి చూడడం. నల్లగుడ్డు మీద గీత గానీ పుండు గానీ ఉంటే అక్కడ రంగు పట్టి పచ్చగా మెరుస్తుంది. మెరిస్తే ఒక మందు, మెరవకపోతే ఇంకో మందు. తారుమారైతే కన్ను పోతుంది. కొత్తగా చేరిన నర్సులకు మొదటి రోజే చెప్పేది: "రంగు పడకుండా చుక్క పడిందా, మీ వేళ్లు విరుగుతాయి." ఎవరి వేళ్లూ విరగలేదు గానీ, ఆ మాట ఎవరూ మరిచిపోలేదు.

రిటైరై నాలుగేళ్లయింది. రెండేళ్ల కిందట భర్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి. ఆయన వాచీలు బాగుచేసేవాడు. ఇప్పుడాయనకు కిటికీ పక్క మంచం, ఎడమ చెయ్యి, ఒక పిల్లి మిగిలాయి. మాట ఉన్న రోజుల్లో దానికి స్ప్రింగు అని పేరు పెట్టాడు. తిండి మానేసిన నెలలో, దాన్ని ఒళ్లో కూర్చోబెడితేనే నోరు తెరిచేవాడు. దానికో ముద్ద, ఆయనకో ముద్ద. "నన్ను కట్టుకుంది వంటకి, దాన్ని తెచ్చుకుంది కాపురానికి" అని కింది వాటా ఆవిడతో అనేది. అని నవ్వేది. ఆ పిల్లి లేకపోతే మనిషి దక్కడని ఆమెకు తెలుసు.

ఒక సోమవారం పొద్దున పిల్లి కుడి కంటి నుంచి నీరు కారడం మొదలైంది.

జలుబు చేసిందేమోనంది కింది వాటా ఆవిడ. కొత్త ఫినాయిల్ ఘాటేమో, దుమ్మేమో అని కూడా అంది. రంగు సిస్టర్ ఒక్కొక్కటే కొట్టిపారేసింది. జలుబైతే తుమ్ములుండాలి. ఘాటుకైనా దుమ్ముకైనా రెండు కళ్లూ కారాలి. కన్నీరు ముక్కులోకి దిగే సన్న దారి పూడుకుపోతే ఒక్క కన్నే కారుతుంది, కానీ ఇంతలా ఎర్రబడదు. రెప్ప లోపల నలుసు లేదు, వెంట్రుక లేదు. ఇక మిగిలింది వాపేనని తేల్చుకుంది. గీరుకుపోయిందేమోనన్న మాట తోచకపోలేదు. ఇల్లు దాటని పిల్లిని గీరేదెవరని దాన్ని అక్కడే వదిలేసింది.

అల్మారా సొరుగులో మూడు వస్తువులున్నాయి. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుకి భర్త కళ్లలో రోజూ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి వేసే చుక్కల సీసా. పోయిన నెల తన శుక్లం ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి వాడగా మిగిలిన స్టెరాయిడ్ చుక్కల సీసా. రిటైరైన రోజు నర్సులు బహుమతిగా ఇచ్చిన రంగు కాగితాల పెట్టె. పెట్టె మీద 'వేళ్లు జాగ్రత్త' అని రాసి ఉంది. సీలు కూడా తియ్యలేదు.

ఆమె పెట్టెను పక్కకు జరిపి స్టెరాయిడ్ సీసా తీసుకుంది. పిల్లికి అంత హంగామా ఎందుకనుకుంది.

భర్త మంచం మీది నుంచి చూస్తున్నాడు. ఎడమ చేతి వేళ్లు వంచి దుప్పటిని పైనుంచి కిందికి గీరాడు. కిటికీ వైపు చూపించాడు. మళ్లీ గీరాడు. వీపు దురదనుకుని ఆమె గోకింది. గాలి కావాలేమోనని కిటికీ రెక్క ఇంకాస్త తెరిచింది. ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఉండండి, ముందు దీని సంగతి చూడనివ్వండి అంది.

మర్నాటికి ఎరుపు తగ్గింది. వెయ్యి మందిని చంపితే అర వైద్యుడంటారు, నీ లెక్క ఎంతకొచ్చింది వదినా అని కింది వాటా ఆవిడ అడిగితే ఇద్దరూ నవ్వుకున్నారు. రోజుకు నాలుగుసార్లు చుక్కలు పడ్డాయి. పడ్డప్పుడల్లా ఆయన దుప్పటి గీరాడు, గీరినప్పుడల్లా ఆమె వీపు గోకింది. బుధవారం వీపుకి పౌడరు కూడా రాసింది. గురువారం ఆయన ఆమె చేతిలోని సీసాను విసురుగా కొట్టాడు. అది గోడకు తగిలి పడింది. దాని మీద అంత ప్రేముంటే మందు పడనివ్వాలి గదండీ అని కోప్పడి, సీసా తుడిచి మళ్లీ వేసింది.

శనివారం పొద్దున పిల్లి కన్ను తెరవలేదు. రెప్ప ఎత్తి చూసింది. నల్లగుడ్డు తెల్లగా ఉంది.

పశువుల డాక్టరు అడిగినవన్నీ ఇన్నేళ్లూ ఆమె అడిగినవే. ఎన్నాళ్లయింది, ఒక కన్నా రెండా, తుమ్ములున్నాయా. ఆమె జవాబులు చెబుతూ అతని చేతుల్ని చూసింది. అతను చిన్న పొట్లం చింపి, లోపలి నుంచి నారింజ రంగు కాగితం తీశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

గదిలో లైటు ఆర్పి నీలం లైటు వేశాడు. నల్లగుడ్డు సగం మేర పచ్చగా మెరిసింది. మధ్యలోంచి సన్నగా నీరు కదిలింది. చిల్లు పడిందని అతను చెప్పక్కర్లేకపోయింది.

"గోరు గీత అమ్మా ఇది. ఇంకో పిల్లి గీరి ఉంటుంది. అప్పుడే తెచ్చుంటే మానేది. చుక్కలేమైనా వేశారా?"

ఆమె సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. అతను పేరు చదివాడు. చాలామంది ఇలాగే వేస్తారని, తెలియక చేసినదానికి బాధపడొద్దని అన్నాడు.

"తెలుసు" అంది ఆమె. "నాకు తెలుసు."

అతనికి అర్థం కాలేదు. కన్ను తీసెయ్యక తప్పదన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లి, గుండె కూడా అంత బాగాలేదు, మత్తు తట్టుకుంటుందని మాటివ్వలేనన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏం చూశారు?"

ఆయన వేళ్లు వంచి దుప్పటి గీరాడు. కిటికీ చూపించాడు. ఆమె లేచి వెళ్లింది. ఊచల మధ్య గోధుమరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. స్ప్రింగు తెల్లపిల్లి. ఆరు రోజులుగా ఆయన చెబుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నమంతా ఆమె ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. మూడింటికి ఫోన్ వచ్చింది. పిల్లి మత్తులోంచి లేవలేదు. ఆమె ఆయనకు చెప్పింది, జరిగింది జరిగినట్టు, సీసా సంగతితో సహా. ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. అన్నం ముద్ద పెట్టబోతే నోరు తెరవలేదు.

ఆరింటికి సొరుగు లాగి ఆయన సీసా తీసింది. మంచం దగ్గరికి రాగానే ఆయన ఎడమ అరచెయ్యి ఎత్తి రెండు కళ్లూ కప్పుకున్నాడు.

"ఇది మీదేనండీ. తొమ్మిదేళ్లుగా వేస్తున్నదే. చూడండి, పచ్చ మూత."

చెయ్యి కదల్లేదు. ఆ చుక్కలు మానేస్తే చూపు ఎన్నాళ్లుంటుందో ఆమె కంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ ఒక్క చేతిని పక్కకు లాగడం ఆమెకు కష్టం కాదు. ఆసుపత్రిలో అలాంటి చేతులు ఎన్నో పట్టుకుంది. ఈ చేతిని ముట్టుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున ఆరింటికి సొరుగు లాగిన చప్పుడుకే ఆయన చెయ్యి కళ్ల మీదికి వెళ్లింది.