మధ్యాహ్నం ప్రార్థనలో లోర్నా కోరిన కోరిక

విస్కాన్సిన్‌లో మా ఊరి కార్ఖానాలో చర్చిలకి బల్లలు చేస్తాం. పన్నెండు కొట్టగానే రంపాలన్నీ ఆగుతాయి. యజమాని క్లెమ్ వాండర్‌హేడెన్ మధ్యలో నిలబడి సిలువ గుర్తు వేసుకుంటాడు. ఎవరికి ఏ కోరిక ఉన్నా పైకి చెప్పొచ్చు. ఒకరు మోకాలి నొప్పి తగ్గాలంటారు, ఇంకొకరు ఈ ఏడైనా వేటలో జింక దొరకాలంటారు. ఏం కోరినా మిగతావాళ్ళం "ప్రభువా, మా మొర ఆలకించు" అనాల్సిందే. అది మా కార్ఖానా ఆచారం.

క్లెమ్ మంచివాడు. కడుపుమంటతోనే ఈ మాట అంటున్నాను. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. లోర్నాకి ఏడో నెలలో బిడ్డ పోతే, పాతిపెట్టడానికి చిన్న శవపెట్టెని చెర్రీ చెక్కతో తన చేతులతోనే చేశాడు.

లోర్నా నా పక్కనే చెక్కకి గరుకు కాగితం పడుతుంది. ఆ కాన్పులో దాని గుండె బాగా దెబ్బతింది. "ఇంకోసారి కడుపొస్తే నువ్వు దక్కవు" అని డాక్టరు మొహం మీదే చెప్పేసింది. కడుపు రాకుండా వేసుకునే మాత్రలు ఆ గుండెకి పడవట, లోపల లూప్ పెట్టించుకోమంది.

కార్ఖానా తరఫున మాకున్న ఇన్సూరెన్సువాళ్ళు ఆ ఖర్చు కుదరదన్నారు. ఇలాంటివాటి ఖర్చు ఉద్యోగుల ఇన్సూరెన్సులో ఉండాలని చట్టం. తన మతం ఒప్పుకోదనే యజమాని తప్పుకోవచ్చని కూడా ఉంది. మా క్యాథలిక్ మతంలో కడుపు రాకుండా చూసుకోవడం పాపం, అందుకని క్లెమ్ తప్పుకున్నాడు. చేతి డబ్బుతో పెట్టించుకుందామంటే, లోర్నా మొగుడు కర్టిస్ పనిచేసే కాగితం మిల్లు మూతపడింది, పాత ఆసుపత్రి బాకీ ఇంకా తీరలేదు.

"వెళ్ళి క్లెమ్‌కి చెప్పవే" అన్నాను.

"ఆదివారం చర్చిలో కానుకల బుట్ట పట్టుకుని మన ముందుకొచ్చే మనిషితో లూప్ మాట ఎలా ఎత్తను?"

"అయితే ఏం చేస్తావు?"

"కడుపు రాని రోజులు లెక్కపెట్టుకోమంది ఫాదర్ గారి చెల్లెలు."

"మా అమ్మా లెక్కపెట్టుకుంది. మేం ఏడుగురం."

నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు ఆఫీసు గది అద్దంలోంచి క్లెమ్ కంటపడింది. బిడ్డ కోసం బెంగ పెట్టుకుందనుకున్నాడు పాపం. మర్నాటి నుంచి రోజూ ప్రార్థనలో "మన లోర్నా ఒడి నిండాలి" అనడం, మేమంతా మొర ఆలకించమనడం. ఆచారమాయె, నోరు మూసుకుని ఊరుకోలేం. లోర్నా తల వంచుకుని నిలబడేది.

ఈ నెల దానికి నెలసరి ఆలస్యమైంది. వారం పాటు మనిషి పాలిపోయి తిరిగింది. చివరికి నిన్న బాత్రూంలోంచి వచ్చి నన్ను గట్టిగా కావలించుకుంది. బతికిపోయావే పిచ్చిదానా అనుకున్నాను.

ఇవాళ పన్నెండింటికి క్లెమ్ మళ్ళీ మొదలుపెట్టాడు. "మన లోర్నా ఒడి..."

"నా కోరిక నేనే చెప్పుకుంటాను క్లెమ్ గారూ" అంది లోర్నా. "నాకు మళ్ళీ కడుపు రాకూడదు. అందరూ ప్రార్థించండి."

ఒక్కరూ నోరు మెదపలేదు. నాకు ఒళ్ళు మండింది. "ప్రభువా, మా మొర ఆలకించు" అని గట్టిగా అన్నాను. రంపం దగ్గరి ముసలి హార్వే అందుకున్నాడు. తర్వాత అందరూ అన్నారు, క్లెమ్ తప్ప.

"అదేం కోరికమ్మా?" అన్నాడు అయోమయంగా.

"మళ్ళీ కడుపొస్తే చచ్చిపోతానన్నారు. లూప్ కావాలంటే, మీ యజమాని వద్దన్నాడని ఇన్సూరెన్సువాళ్ళు చెప్పారు."

క్లెమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో తల్లీ, నాతో ఒక్క మాట చెప్పకపోయావా!"

"చెబితే ఇప్పించేవారా?"

క్లెమ్ జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.