అత్తగారి రెండు దవడలు

తోడికోడళ్ళిద్దరూ పళ్ళ డాక్టర్లే. క్లినిక్ పెట్టింది పెద్దకోడలు. చిన్నకోడలు పెళ్ళయ్యాక వచ్చి పక్క గదిలో కుర్చీ వేసుకుంది. రూట్ కెనాల్ చేయించుకున్న మర్నాడు "డాక్టరుగారూ, పన్ను సలుపుతోందండీ" అని పెద్దావిడకు ఫోన్లు వచ్చేవి. చిన్నావిడ ఫోను మాత్రం ఎప్పుడో గానీ మోగేది కాదు. పెద్దావిడకు కడుపు రగిలిపోయేది.

తేడా పంటి వేరు లోపల కడగడంలో ఉందనేది చిన్నకోడలు. పెద్దావిడ సిరంజితో మందునీళ్ళు వదిలి కడుగుతుంది. చిన్నావిడ ఆ నీళ్ళలోకి సన్నటి మొన ఒకటి దించి, యంత్రంతో అదిరిస్తుంది. అలా అయితే మందు మూలమూలలకూ పోతుందట.

"నా చేతికి యంత్రాలతో పని లేదులే" అని మూతి ముడిచేది పెద్దావిడ.

అంతలో అత్తగారికి కింది దవడ పళ్ళు రెండు, చెరో పక్కనా, నరం దాకా పుచ్చిపోయాయి. ఏ కోడలి చేత చేయించుకున్నా ఇంట్లో రచ్చే. ఆవిడ గడుసుది.

"కుడిది పెద్దదానికి, ఎడమది చిన్నదానికి. తగువు లేకుండా కానివ్వండి" అంది.

పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పని ముగించారు. మర్నాడు భోజనాల దగ్గర పెద్దకోడలి చూపంతా అత్తగారి నోటిమీదే. ప్రతి ముద్దా ఎడమ బుగ్గలోకే పోతోంది.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"అబ్బే, రెండూ దివ్యంగా ఉన్నాయే."

ఎడమ పక్క కూడా ఒక్క పూట సలిపితే బాగుండునని పెద్దకోడలికి అనిపించింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ కోరిక చావలేదు.

సాయంత్రం పెరటి గుమ్మంలో అత్తగారు కుడి చెంపకు చల్లటి గుడ్డ అదుముకుని కూర్చుంది. చిన్నకోడలు మాత్ర అందిస్తోంది.

"అక్కతో అనకే, చిన్నబుచ్చుకుంటుంది."

"అననులెండి."

వెనకే వచ్చిన పెద్దకోడలు విననే విన్నది. "నన్ను చూసి జాలిపడేదాకా వచ్చారన్నమాట!"

"అది కాదక్కా, ఎవరు చేసినా కొందరికి రెండ్రోజులు నొప్పి ఉంటుంది."

"నీ పక్కన లేదుగా!"

అత్తగారు గుడ్డ విసిరికొట్టింది. "నా నోట్లో ఏమిటే మీ పందేలు? దవడ నాది, నొప్పి నాది. మీ ఏడుపు అవతల ఏడవండి!"



రెండ్రోజుల్లో నొప్పి తగ్గింది. పెద్దకోడలికి మాత్రం మనసులో సలుపు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు పక్క గదిలోకి వెళ్ళి, చూపు ఎటో పెట్టి, "ఆ మొన ఎలా పట్టుకుంటావో చూపించు" అంది.

చిన్నకోడలు పీకేసిన పన్ను ఒకటి తెచ్చి చూపించింది. "లోపలి గోడకు తగలనివ్వకండి అక్కా, నీళ్ళ మధ్యలోనే ఉండాలి." పెద్దావిడ రెండోసారికే పట్టేసింది.

"మీ చెయ్యి నాకన్నా నిలకడ!"

ఆ మాట నిజమేనని తెలిసినా, అది ఆ నోటినుంచి వచ్చినందుకు పెద్దావిడకు ఒళ్ళు మండింది. అలా మండుతూనే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి చూపించు" అంది.