గ్లాసు బోర్లించిన రోజు

వల రెండోసారి లాగేసరికే వియెస్లావా వేళ్లు చలికి కొయ్యబారాయి. వలలో బంగారుతీగ చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాలుగో చేప డొక్క మీద పుండు. గుండ్రంగా, అంచు తెల్లగా, నడుమ ఎర్రగా. ఏడో చేపకీ అదే.

“కొంగ పొడిచింది,” అన్నాడు గట్టు మీంచి చెరువు యజమాని కుబాలా.

“ఇంత గుండ్రంగానా అయ్యా? కొంగ కంపాసు పెట్టుకుని తిరుగుతోందేంటి?”

వల పట్టినవాళ్లు నవ్వారు. కుబాలా నవ్వలేదు.

మొన్న చేపల డాక్టరు ఇదే గట్టు మీద, ఆమె ఎదుటే కుబాలాకి చెప్పాడు. పుండ్లలో బ్యాక్టీరియా ఉంది, నీళ్లతో పాటే పాకుతుంది, తూము ఎత్తొద్దు అని. తూము ఎత్తి చెరువు ఖాళీ చేస్తేనే గాని అడుగునున్న చేప చేతికి రాదు. క్రిస్మస్ దగ్గరపడింది, ఆ రాత్రి ఇంటింటా ఈ చేపే వండాలి. లారీలు వచ్చి నిలబడ్డాయి. కిలో చేప ముప్ఫై జ్లోటీలు పలుకుతోంది. రోజంతా నీళ్లలో నానితే ఆమెకొచ్చేది మూడు చేపల ధర.

ఇక్కడ చెరువులు మెట్లలా ఉంటాయి. పై చెరువు నీళ్లే కింది చెరువుకి. అందుకని తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. తూము ఎత్తేముందు తూము కాసే మనిషి, ఈ చెరువుకి వియెస్లావా, ఒక చేప పట్టుకుని కింది చెరువు వాళ్ల దగ్గరికి నడవాలి. “మా నీళ్లు మంచివి” అనాలి. వాళ్లు పోసిన వోడ్కా తాగాలి, తాగితేనే మాట ఖాయం. యజమాని మాట చెల్లదు, కూలిమనిషి మాటే చెల్లుతుంది. పేదదాని నోటికి దక్కిన గౌరవం అదొక్కటే. ఇప్పుడు దాన్ని కూడా కాజెయ్యాలని చూస్తున్నాడు కుబాలా.

మచ్చలేని చేపని ఏరి బకెట్లో వేశాడు. “పోయి చెప్పిరా వదినా.”

ఇరవై ఏళ్లలో వదినా అనడం ఇదే మొదలు.

“కింద ఫెలిక్స్ చెరువులో చేప చస్తే?”

“ఆడి చేప సంగతి ఆడు చూసుకుంటాడు. నువ్వుండే గది ఎవరిదో నువ్వు చూసుకో.”

గది ఆయనదే. గదిలో పొయ్యీ ఆయనదే. ఆమె తూము పలకలు లాగే ఇనప కొక్కెం భుజాన వేసుకుని, బకెట్ పట్టుకుని దిగింది.

కింద ఫెలిక్స్ బల్ల తుడిచి రెండు గ్లాసులు పెట్టాడు. “రా అక్కా. నీకోసమే చూస్తున్నా. మూడేళ్లు మేపాను, ఒక్కదానికీ గీత పడలేదు.” సీసా వంచాడు.

బకెట్లో చేప నిగనిగలాడుతోంది. ఆమె గ్లాసు బోర్లించింది. సీసాలోంచి జారిన వోడ్కా బోర్లించిన గ్లాసు మీద పడి బల్లంతా పారింది.

“మా నీళ్లు మంచివి కావు తమ్ముడూ. నేను తూము ఎత్తను.”

పైనుంచి లారీ హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఫెలిక్స్ సీసా దించి, ఆమె భుజాన ఉన్న కొక్కెం వైపు చూశాడు.

“ఇలాంటిది ఇంకోటుందా?”

“కుబాలా జీపులో ఉంది.”

“పద అక్కా, కుబాలా తూము ఎత్తేలోగా పైకెళ్లాలి,” అంటూ ఫెలిక్స్ బూట్ల కోసం వెతుక్కున్నాడు.