పందిరి మంచం గది

హైమకు పాత సామాన్ల పిచ్చి హైదరాబాదులో అంటుకుంది. దోమలు అంటించే జ్వరాలే తప్ప ఇలాంటి రోగం మా పినపాక వైపు అంతకుముందు ఎవరికీ రాలేదు. వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళికని వెళ్ళి, ఆ పిన్నిగారి పడకగదిలో ఏ కాలానిదో నగిషీల మంచం, నడవని గంటల గడియారం, పాత ఇత్తడి దీపాలు చూసి వచ్చింది. వచ్చిన పూటే తన సన్‌మైకా మంచాన్ని కాలితో తన్ని, "గిదేం మంచం, దవాఖానా బల్ల లెక్క" అంది. ఆ మంచం ఖమ్మం నుంచి లారీలో దిగిన రోజున ఊరంతా చూడాలని సాయంత్రం దాకా వాకిట్లోనే ఉంచిన మనిషి కూడా ఈమే. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మా హైమ విషయంలో ఆ సామెత తలకిందులైంది.

నేను ఆమె తోడికోడల్ని, మంగమ్మని. హైమ మొగుడు వెంకటనారాయణ బావగారూ మా ఆయనా అన్నదమ్ములు. మధిర దగ్గర ఉన్నది అమ్ముకుని, ఎనభైల మొదట్లో ఈ అడవి అంచున మిరప చేలు కొనుక్కుని వచ్చాం. మా రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ, అదీ నా భుజం ఎత్తుది. దాని మీదుగా నేను చూడనిది లేదు, విననిది లేదు. చూసి ఊరుకునే నోరు కూడా కాదు నాది.

ఆ ఎండాకాలమంతా హైమకు అదే పని. నేలకొండపల్లిలో చితికిపోయిన ఒక దొరగారి ఇంటి నుంచి నడుమెత్తు భోషాణం తెప్పించింది. మధిరలో రైల్వే గార్డు ఎవరో రిటైరైతే వాళ్ళింటి గోడ మీది గడియారం తెప్పించింది. అది నడవదు, నడవకపోతేనే అందమట. ఒక పండగనాడు పనిమనిషి జమ్లి, చచ్చిపోయిన తల్లి గుర్తుగా దాచుకున్న అద్దాల గుడ్డ తలమీద కప్పుకుని వస్తే, "నీకు కొత్త చీర ఇస్తలే" అని దాన్ని విప్పించుకుని, చట్రం కట్టించి గోడకు కొట్టించింది. జమ్లి ఆ గది ఊడ్చినప్పుడల్లా చీపురు ఆపి ఆ గుడ్డ వైపు చూసేది. కొత్త చీర మాత్రం ఇంతవరకూ రాలేదు.

అన్నీ అమిరాయి గానీ మంచం కుదరలేదు. అప్పుడు ఆమె కన్ను భారతమ్మ వదిన మంచం మీద పడింది.

భారతమ్మ వదిన అన్నదమ్ములిద్దరికీ అక్క. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే, సారె పెట్టిన పందిరి మంచంతో సహా పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లి లేని తమ్ముళ్ళను ఆ మంచం మీదే పడుకోబెట్టుకుని పెంచింది. బర్మా టేకు మంచం. నాలుగు స్తంభాల మీద చెక్కిన నాలుగు చిలకలు, తలాపున పట్టెకు అద్దపు ముక్కలు. బావగారింటి వెనక గదిలో అదీ, ఆమె ఇత్తడి ఆకుపెట్టే, ఆమే ఉండేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో హైమ ఆ మంచాన్ని చూసి, "పొయ్యిలకు మంచిగ పనికొస్తది" అన్న మాట నేనింకా మర్చిపోలేదు.

భీమ్లా, బిచ్యా అని చేలో పనిచేసేవాళ్ళు ఇద్దరు వచ్చి మంచం విప్పుతుంటే వదిన గోడకు ఆనుకుని కూర్చుంది.

"హైమా, నా పెండ్లి మంచమది" అంది. "పోయేటప్పుడు నేను దాని మీంచే పోవాలె. గదొక్కటే నాకున్న కోరిక."

"ఏడికి పోతది వదినా, మన ఇంట్లనే గదా ఉండేది. ఈ గదిలకెల్లి ఆ గదిలకు మారుతున్నది, అంతే" అంది హైమ. "నీ నడుముకు నులక మంచమే మంచిది."

పొద్దున మంచం పోయింది, మధ్యాహ్నం ఆకుపెట్టె పోయింది. చింతపండు పెట్టి తోమి, లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న సున్నం గీకించి, భోషాణం మీద గడియారానికి సూటిగా అమర్చింది. మర్నాడు వదిన అలవాటుగా వెళ్ళి దాని మూత ఎత్తబోతే, "ముట్టుకోకు వదినా, మెరుపు పోతది" అని చెయ్యి పట్టి ఆపింది. అప్పటి నుంచీ వదిన తమలపాకులు కొంగున ముడేసుకుని వసారాలో నులక మంచం మీద కూర్చునేది. బావగారు ఇదంతా చూశాడు. నోట్లో నాలుక లేని మనిషి, పెళ్ళాం మాట వేదం. చూసి చేనుకు పోయాడు.

ఇంకో ముక్క చెబుతాను, గుర్తుపెట్టుకోండి. మొగుడు పోయినావిడ మంచం మీద మొగుడితో పడుకోవడానికి హైమకు ఏ పట్టింపూ అడ్డు రాలేదు. పట్టింపులన్నీ తర్వాత వచ్చాయి.

వానలు పడగానే వదినకు జ్వరం తగిలింది. మా వైపు జ్వరం అంటే వణుకు, వాంతి, సంధి మాటలు. డాక్టరు వచ్చి సూదేసి పెదవి విరిచి పోయాడు. ఆ రోజు బావగారు జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "అక్కను ఆమె మంచం మీద పండబెట్టండి" అన్నాడు. భీమ్లా ఎత్తుకెళ్ళి పందిరి మంచం మీద పడుకోబెట్టాడు. వదిన ఆ జ్వరంలోనే చెయ్యి చాచి స్తంభం మీది చిలకను తడిమింది. నేను పక్కనే ఉన్నాను. ఆ మొహంలో అంత నెమ్మది ఎప్పుడూ చూడలేదు.

హైమ మాత్రం కాలుకాలిన పిల్లిలా తిరిగింది. దసరాకు హైదరాబాదు పిన్ని గది చూడటానికి వస్తానని కబురు పెట్టింది మరి. పంతుల్ని పిలిపించి పంచాంగం విప్పించింది.

"రేపు పొద్దెక్కేసరికి ధనిష్ఠ వస్తుందమ్మా" అన్నాడాయన. "అందులో ప్రాణం పోతే ఆర్నెల్లు ఆ గది మూసెయ్యాలి. దీపం కూడా పెట్టకూడదు."

అది మాలో ఉన్న ఆచారమే, కాదనను. ఆ భయంతో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళను వసారాలోకి దించడమూ ఉన్నదే. అయితే హైమ వసారా దగ్గర ఆగలేదు. వసారా కూడా ఇంటి కప్పు కిందే ఉందట. వాకిలి దాటించి, ఎండుమిరప బస్తాలు వేసే రేకుల కొట్టంలో నులక మంచం వేయించింది. మోయడానికి వచ్చినప్పుడు వదిన చిలకను పట్టుకుని వదల్లేదు. హైమే వంగి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

"నా ఆకుపెట్టెనన్న తలాపున పెట్టుండ్రి" అంది వదిన. గొంతు సరిగ్గా రావడం లేదు.

"గది బోసిపోతది వదినా" అంది హైమ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి పోతుంటే గది అందం చూస్తున్నావా?" అని గోడ మీంచే అడిగాను. "నీ ఇంట్ల నీ ఇష్టం, నా ఇంట్ల నా ఇష్టం మంగమ్మా" అని కిటికీ రెక్క వేసుకుంది.

ధనిష్ఠ వచ్చింది, పోయింది. వదిన పోలేదు. మిరప ఘాటుకు దగ్గుతూ, జమ్లి పోసిన గంజి తాగుతూ లేచి కూర్చుంది. గట్టి ప్రాణం. బావగారు సంబరంగా, "అక్కను లోపలికి తోలుకొద్దాం" అన్నాడు. అప్పుడు హైమ నోట ఆ మాట పుట్టింది.

"చావుకని బయటికి మోసిన మనిషి మళ్ళ గడప తొక్కితే ఇంటికి అరిష్టం. మా నాయనమ్మ జెప్పేది."

ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియక పంతుల్ని అడిగాను. అలాంటిది ఎక్కడా లేదన్నాడు. పోయి బావగారికి చెప్పాను. "ఏమో మంగమ్మా, పంతులుకు తెల్వకపోవచ్చు. హైమ జెప్పింది గదా" అన్నాడు. సరే, మా ఇంటికే తెచ్చుకుందామంటే మా ఆయనా అదే తాను ముక్క. "అరిష్టం అని తెలిసి తెలిసి మనమెందుకు నెత్తికెత్తుకోవాలె" అని తల అడ్డంగా ఊపాడు. అమ్మలా పెంచిన అక్కను ఇద్దరు మగాళ్ళు ఒక ఆడదాని నోటి మాటకు మిరపకాయల మధ్య వదిలేశారు. కూర గిన్నె పంపడం తప్ప నా వల్ల ఏమీ కాలేదు.

దసరాకు పిన్ని కెమెరాతో దిగింది. గదంతా తిరిగి చూసి ముక్కున వేలేసుకుంది. అద్దాల గుడ్డ దగ్గర ఒకటి, గడియారం కింద ఒకటి ఫోటోలు తీసింది. పందిరి మంచం చిలకల మీద చెయ్యి వేసి, "ఇంత మంచిది ఎక్కడ దొరికిందే?" అని అడిగింది.

"మా ఆడపడుచుది పిన్నీ" అంది హైమ. "ఆమె లేదిప్పుడు."

కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. కొట్టం గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తున్న భారతమ్మ వదినకు ఆ మాట వినబడింది. తల ఎత్తి కిటికీ వైపు చూసింది. మళ్ళీ వంగి తొడాలు తీసుకుంది. పిన్ని వెళ్ళేటప్పుడు వాకిట్లో ఆమెను చూసి, కూలి మనిషనుకుని, హైమ కోయించిన బంతిపూల బుట్ట కారులో పెట్టమని పురమాయించింది. వదిన పెట్టింది.

మళ్ళీ వానాకాలం వచ్చేసరికి జ్వరం హైమను పట్టింది. ఈసారి వాగు పొంగి బస్సులు ఆగాయి, భద్రాచలం తీసుకెళ్ళే దారి లేదు. డాక్టరు నడుములోతు నీళ్ళలో వచ్చి సూదేశాడు. పోయినేడు ఎలా విరిచాడో అలాగే పెదవి విరిచాడు. హైమ పందిరి మంచం మీద కళ్ళు తేలేసి పడుకుంది. బావగారు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు, ఆ మనిషికి పెళ్ళామంటే ప్రాణం. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుని, పంతులుకు కబురు పెట్టాడు.

పంతులు వేళ్ళు మడిచి లెక్క చూసి, "తెల్లారితే ధనిష్ఠే" అన్నాడు.

అప్పుడు బావగారు అన్న మాట విని, ఆయనకని తెచ్చిన కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "ఎంత మురిపెంగ సర్దుకున్నదో మంగమ్మా ఈ గది. ఆర్నెల్లు తాళమేస్తే మంచానికి బూజు పడతది, ఇత్తడంత నల్లబడతది. అది దానికి అస్సలు ఇష్టముండదు" అన్నాడు. భీమ్లానూ బిచ్యానూ పిలిచాడు.

హైమకు స్మారకం ఉంది. అంతా వింది. నోట మాట రావడం లేదు గానీ చెయ్యి పోయి చిలకను పట్టుకుంది. భీమ్లా వెనక్కి తగ్గాడు. బావగారే వంగి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. ఎంతో మెల్లగా, నొప్పి కలగకుండా తీశాడు.

కొట్టంలో వదిన మంచం పక్కనే ఇంకో నులక మంచం వేశారు. కాస్త మాట రాగానే హైమ వదిన కొంగు పట్టుకుని, "లోపలికి తీస్కపొమ్మని జెప్పు వదినా. నీ మాట వింటడు" అని గొణిగింది. వదిన గుడ్డ తడిపి నుదుటి మీద వేసింది. అది వేడెక్కితే మళ్ళీ తడిపింది. జమ్లి బిందెలతో నీళ్ళు మోసి మోసి అలిసిపోయింది గానీ వదిన చెయ్యి ఆగలేదు. పెద్ద మనసు, ఎంతైనా పెంచిన చెయ్యి అనుకున్నాను నేను. హైమను బతికించింది ఆ సూది కాదు, ఆ తడిగుడ్డ. అది నేను ఎక్కడైనా చెబుతాను.

జ్వరం దిగింది. హైమ లేచి గంజి తాగింది. బావగారు కొట్టం గుమ్మంలో నిలబడి ఆనందం పట్టలేక పంచెతో మొహం తుడుచుకున్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి మొహం చిన్నబోయింది.

"అక్కా, పెద్దదానివి నువ్వే జెప్పాలె" అన్నాడు. "హైమను లోపలికి తోలుకపోవచ్చునా?"

హైమ వదిన వైపు చూసింది. ఆ కళ్ళు అడుక్కోవడం నేను చూశాను. గది గుమ్మం అక్కడి నుంచి కనబడుతూనే ఉంది, పరుపు మీద కొత్త దుప్పటి కూడా కనబడుతోంది. పోవచ్చు, అదంతా వట్టి మాట అని వదిన ఒక్క ముక్క అంటే చాలు, ఆ పూటే ఇద్దరూ లోపలికి పోయేవాళ్ళు. ఆమె మంచం ఆమెకు తిరిగి వచ్చేది. పోయేటప్పుడు దాని మీంచే పోవాలన్న కోరిక తీరేది. ఆ సంగతి నాకు తెలిసినట్టే ఆమెకూ తెలుసు.

వదిన కొంగు ముడి విప్పి ఆకు తీసింది. తొడిమ గిల్లి పారేసింది.

"అరిష్టం తమ్ముడూ" అంది. "బయటికి మోసిన మనిషి గడప తొక్కొద్దు. హైమే జెప్పింది గదా."

బావగారు సరేనని తల ఊపాడు. హైమ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే వదిన దుప్పటి సరిచేసి, ఒక ఆకు చుట్టి ఆమె దిండు పక్కన పెట్టింది.

"నా ఆకుపెట్టె ఒక్కటి ఇటు తెచ్చియ్యి" అంది తమ్ముడితో. "మిగతా గది ఎట్లున్నదో అట్లనే ఉంచు, ఏదీ కదపకు. హైమకు ఇష్టముండదు."

"అవ్ అక్కా" అన్నాడు బావగారు. ఆకుపెట్టె తేవడానికి లోపలికి వెళ్ళాడు.