మాటల టీచరు గది

మా మనవరాలు నోరు విప్పేది బళ్లో మాటల టీచరు గదిలోనే. ఆ పేరు పిల్లలు పెట్టిందే. మిలిటరీ క్వార్టర్స్ పక్కనున్న బడి. తండ్రులు సరిహద్దుకు వెళ్తే నెలల తరబడి రారు. బెంగపెట్టుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికే ఆ టీచరమ్మ. సైనికుల పిల్లల కోసం ప్రభుత్వం బడికిచ్చే నిధుల్లోంచే ఆవిడకు జీతం.

సరిహద్దులో నా కొడుకు పోయాడన్న కబురు వచ్చిన రోజునుంచీ పిల్ల ఇంట్లో ఒక్క మాటా మాట్లాడలేదు. కోడలు బతిమాలింది. నేను కసిరాను, నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ గదికి వెళ్లొచ్చిన రోజు మాత్రం కడుపునిండా తిని, మారాం చేయకుండా పడుకునేది. మాకు అదే పదివేలు.

నిన్న హెడ్మిస్ట్రెస్ రమ్మంటే, కోడలికి సెలవు దొరక్క నేను వెళ్లాను.

"ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా," అంటూ ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పాపను ఇక ఆ గదికి పంపలేం. సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలకే నిధులట. పైనుంచి ఉత్తర్వులొచ్చాయి."

నేను ఒంటికాలి మీద లేచాను.

"అంటే, నా కొడుకు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడా?"

"అది కాదమ్మా..."

"తండ్రి ఆరునెలలు రాకపోతే పిల్లను మాట్లాడించాలి. చచ్చిపోతే మాత్రం అక్కర్లేదు! బాగుందమ్మా మీ లెక్క!"

ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పాపం. పైవాళ్లకు రాశానంది, మళ్లీ రాస్తానంది. ఆవిణ్ణి తిట్టి లాభం లేదని తెలిసీ తిట్టాను. కడుపు మండిపోతోంది మరి.

తలుపు తీసేసరికి వరండాలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, పక్కగదిలోంచి మాటల టీచరు పిలుపు కోసం. నా గొంతు వాళ్లకు వినపడకుండా ఎలా ఉంటుంది? మిలిటరీ ట్రక్కు నడిపే ఎదురింటాయన కూతురు మా పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. ఎదురింటి పిల్ల ముఖం పాలిపోయింది.

"నానమ్మా, మా నాన్న చచ్చిపోతే నన్ను కూడా ఆ గదిలోంచి పంపించేస్తారా?"

వెనకే వచ్చిన హెడ్మిస్ట్రెస్ ఆ పిల్ల తల నిమిరింది.

అప్పుడు మా పిల్ల దాని చెవి దగ్గరికి వంగింది. ఇన్నాళ్లకు మనవరాలి గొంతు విన్నాను.

"పంపరులే. చచ్చిపోయాడని నువ్వు ఎవరికీ చెప్పకు," అంది.