తేరిన నీళ్ళు

భాగీరథమ్మ సూక్ష్మదర్శిని మీదనుంచి తల ఎత్తింది. కాలేజీలో జీవశాస్త్రం ప్రయోగాలు చేయించేది ఆమే. ఆ ముఖం చూడగానే ఓబళప్పకు తన బేరం తిరగబడిందని తెలిసిపోయింది.

"ఏమప్పా ఓబళప్పా, కుంట నీళ్ళు తెమ్మంటే తీర్థం తెచ్చిండావే? ఒక్క పురుగన్నా లేదు దీంట్లో."

"సరిగ్గా చూడమ్మా. వర్తూరు దగ్గర కుంటలో ముంచినవే. నువ్వు చెప్పినట్టే గడ్డి వేసి నానబెట్టినాను."

"తర్వాత ఏం చేసినావు?"

"ఏం చేస్తాను? శుభ్రం చేసినాను."

"శుభ్రం చేసినావా!" ఆమె రెండు చేతులతో నెత్తి పట్టుకుంది.

ఓబళప్ప వ్యాపారి. రాగులైతే చెరిగి, చింతపండైతే గింజ తీసి, ఏ సరుకైనా కంటికి ఇంపుగా చేసిగానీ గడప దాటించడు. పోయినసారి కుండ తెచ్చినప్పుడు కాలేజీ జవాను ముక్కు మూసుకొని నవ్వాడు. ఆ నవ్వు మనసులో పెట్టుకొని ఈసారి తాగే నీళ్ళకు చేసినట్టే కుండ లోపల చిల్లగింజ అరగదీశాడు. తెల్లారేసరికి మురికంతా అడుక్కు దిగింది. పైన తేరిన నీళ్ళు వంచుకొని, అడుగున మిగిలిన మడ్డిని మురుగు మోరీలో పోశాడు. కంటికి కనపడని ప్రాణులన్నీ ఆ మడ్డితోనే పోయాయి.

"మధ్యాహ్నం గంట కొడితే పరీక్ష," అంది భాగీరథమ్మ. "మైసూరునుంచి పరీక్షకుడు వచ్చి కూర్చోనుండాడు. పిల్లోళ్ళ అద్దం కింద ఒక్క పారమీసియం పురుగన్నా ఈదకపోతే, ఇంక సరుకంతా మద్రాసునుంచే తెప్పిస్తానని మా కాలేజీ పెద్దాయన అంటాండాడు."

యుద్ధం వచ్చి ఓబళప్ప గడ్డి వ్యాపారం మిలిటరీ కాంట్రాక్టర్ల పాలయింది. ఈ కాలేజీకి కప్పలు, వానపాములు, కుంట నీళ్ళు చేరవేయడం ఒక్కటే మిగిలింది. ఇదీ పోతే పొద్దున అంగడి తలుపు తీయడానికి కారణమే ఉండదు.

వర్తూరుకు పోయి రావడానికి పొద్దు చాలదు. పోయినా కొత్తగా ముంచిన నీళ్ళలో ఆ ప్రాణులు పలచగా ఉంటాయి; గడ్డి కుళ్ళి నిలవ ఉంటేనే చిక్కబడతాయి. ఊళ్ళో గడ్డి కుళ్ళిన నీళ్ళు ఎక్కడుంటాయో గడ్డి అమ్మినవాడికి ఒకరు చెప్పాలా? ఖాళీ కుండ సైకిలుకు కట్టుకొని జట్కా స్టాండుకు తొక్కాడు.

పెట్రోలు కరువుతో స్టాండు కిటకిటలాడుతోంది. షెడ్డు వెనక జట్కావాడు పిల్లప్ప గుర్రం నీళ్ళు తాగే పాత కొయ్యతొట్టిని కడగడానికి వంచబోతున్నాడు.

"ఆగప్పా పిల్లప్పా, ఆగు!"

"ఏమి ఓబళప్పా, దప్పికా? బావి ఉండాది కదప్పా అక్కడ. దీంట్లో నా గుర్రమే మూతి పెట్టల్లేదు."

ఓబళప్ప ఆయాసం అణచుకున్నాడు. అవసరం ముఖంలో కనపడితే ఎదుటివాడు నెత్తికెక్కుతాడని ఆయన నమ్మకం.

"మా ఇంట్లో పాపక్క పూలచెట్లు పెట్టిండాది. పారబోసే నీళ్ళే కదా, చెట్లకన్నా పోస్తాము."

"చెట్లకైతే గుర్రం లద్దె తీసుకో, కుప్పలుగా ఉండాది." పిల్లప్ప కళ్ళు చిన్నవయ్యాయి. "సైకిలు పడేసి ఉరికొస్తివి. చెమటలు కారతాండాయి. ఈ కంపులో ఏమో ఉండాది. ఏందో చెప్పు."

"ఏమీ లేదప్పా."

"ఏమీ లేకపోతే పారబోసేదే."

తొట్టి లేచింది. పసుపుపచ్చని నీళ్ళు గడ్డిపోగులతో సహా అంచుదాకా జరిగి, మట్టిలోకి దూకడం మొదలుపెట్టాయి. ఓబళప్ప రెండు చేతులతో తొట్టిని వాటేసుకున్నాడు. చొక్కా తడిసిపోయింది.

"వద్దప్పా! నా బతుకు ఉండాది దాంట్లో. కంటికి కనపడని పురుగులు. కాలేజీకి ఇప్పుడే కావల్ల. ఉన్నవాటిని నా చేతులారా పోగొట్టుకొనుండాను."

పిల్లప్ప తొట్టి దించాడు. "ముందే చెప్పుంటే ఈపాటికి కాలేజీలో ఉండేవాడివి కదప్పా. పురుగుల కాడ కూడా నీ బేరం బుద్ధి పోలేదే!" అని తానే చెంబుతో ముంచి కుండ నింపాడు.

ఓబళప్ప తిరిగొచ్చేసరికి వరండాలో విద్యార్థులు వరుసగా నిలబడి ఉన్నారు. భాగీరథమ్మ ఒక చుక్క అద్దం మీద వేసి చూసింది. దాంట్లో ఏదీ కదలలేదు. ఆ అద్దం తుడిచి, ఈసారి నీటి పైతెట్టునుంచి ఇంకో చుక్క తీసింది. చాలాసేపు కన్ను తీయలేదు.

"రా, నువ్వే చూడు."

ఓబళప్ప ఒక కన్ను మూసి వంగాడు. వెలుగులో చెప్పుల్లాంటి ఆకారాలు. ఒళ్ళంతా ఉన్న సన్నని నూగు అల్లాడిస్తూ, మెలికలు తిరుగుతూ, గడ్డిపోగు అడ్డమొస్తే వెనక్కి తగ్గి పక్కనుంచి దూరుతున్నాయి. ఇన్నాళ్ళూ అమ్మిన సరుకును ఆయన చూడటం అదే మొదలు.

"ఎక్కడివి?" అంది భాగీరథమ్మ.

కుంటవని చెబితే గండం గట్టెక్కుతుంది. కానీ ఈ నీళ్ళలో తేడా ఏదైనా రేపు ఆమె కంటబడితే, ఆ తర్వాత ఏ కుండ తెచ్చినా నమ్మదు.

"జట్కా స్టాండు తొట్లోవమ్మా."

"తొట్లోవా? అయితే మా జవానే ముంచుకొస్తాడు. ఇంక నీతో పనేముండాది?"

"జవాను పోయేలోపల పిల్లప్ప కడిగేస్తాడమ్మా. ఈ పొద్దు నేను వాటేసుకోకపోతే ఇవీ మట్టిపాలయ్యేవి. కడగనీకుండా కాపలా కాసేవాడొకడు కావల్ల కదా?"

భాగీరథమ్మ తడిసిన చొక్కా వంక చూసింది. నవ్వు ఆపుకుంటూ కుండ తన వైపుకు లాక్కుంది.

"వచ్చే నెల ఇంకో పరీక్ష ఉండాది. ఇట్లాంటివే తీసుకురా. మళ్ళీ శుభ్రం గిభ్రం అంటివో..."

గంట మోగింది. ఆమె మాట పూర్తి చేయకుండానే తలుపు తీసింది.